‘సపోర్ట్ గ్రూపులో చేరండి’ అంటే సరే, ఏ గ్రూపులో?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో తాగుడు వ్యసనం మీద మీరు వేసిన పూర్తి పేజీ కథనం అక్షరం వదలకుండా చదివాను. లివర్ బొమ్మ వేసి, దానికి కొవ్వు ఎలా పడుతుందో, ఆ తర్వాత ఎలా గట్టిపడిపోతుందో బాణం గుర్తులతో చూపించారు. బీపీ గురించి, క్యాన్సర్ గురించి, ఇళ్లలో గొడవల గురించి రాశారు. అన్నీ నిజాలే. ఆఖర్న ఒకే ఒక్క వాక్యం: ‘మానాలనుకునేవారు డాక్టర్‌ను సంప్రదించి, సపోర్ట్ గ్రూపులో చేరడం మంచిది.’ అక్కడితో పేజీ అయిపోయింది.

భయపెట్టడానికి పేజీ అంతా, దారి చెప్పడానికి ఒక వాక్యం. లివర్ సంగతి తెలియక ఎవరూ తాగరండీ. తెలియనిది వేరే ఉంది. ఆ గ్రూపులు ఎన్ని రకాలు, వెళ్తే ఏమడుగుతారు, అక్కడ కూర్చుని ఏం చెయ్యాలి, నచ్చకపోతే ఎటు పోవాలి? అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ డాక్టర్ల ముక్క మాత్రం ఉంచండి.

నేను తాగుడు మానేసిన మనిషిని. ఆడదాన్ని. ఈ రెండు మాటలూ పక్కపక్కన చూసి కొందరు పాఠకులు పేపరు కాస్త దగ్గరికి లాక్కుంటారని తెలుసు, లాక్కోనివ్వండి. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. భర్త, కూతురు ఉన్నారు. మానేసి కొన్నేళ్లయింది.

ముందు ఆ ‘డాక్టర్‌ను సంప్రదించి’ అన్న దాని సంగతి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మనిషి మనిషిలో లేకుండా పోయి, లేనివి కనపడి, జ్వరం, గుండెదడతో ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కూడా ఉంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఒట్టు వేయించి గదిలో పెట్టి గడియ వేసే ఇంటివాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ నాలుగైదు రోజులూ దాటించాల్సింది ఆస్పత్రి. అక్కడ బీ1 విటమిన్ ఎక్కిస్తారు, వణుకుకీ ఫిట్స్‌కీ మందులిస్తారు. గ్రూపు పని ఆ తర్వాత, ఇంటికొచ్చి మామూలు సాయంత్రాలు మళ్లీ మొదలయ్యాక.

గ్రూపు అనగానే ఎక్కువ మంది చెప్పేది ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో పుట్టింది. బిల్ విల్సన్ అనే ఆయన అప్పటికి తాగుడు మానేసి కొద్ది నెలలే అయింది. వ్యాపారం పని మీద ఆ ఊరొచ్చాడు, పని బెడిసికొట్టింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు, పక్కనే బార్. తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి వరసగా ఫోన్లు చేశాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. వాళ్లిద్దరి మాటల్లోంచి వచ్చిందే ఇవాళ సుమారు 180 దేశాల్లో ఉన్న ఏఏ. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, అదొక్కటే అర్హత. ఖర్చులకు సభ్యులే తోచింది వేస్తారు, బయటి విరాళాలు తీసుకోరు.

నా మొదటి మీటింగు సంగతి చెప్పాలి. గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల వలయంగా కుర్చీలు, అందరూ మగవాళ్లే. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒక పెద్దాయన లేచొచ్చి చాలా మర్యాదగా, ‘మీవారి కోసం వచ్చారా అమ్మా? ఫ్యామిలీ మీటింగు పక్క గదిలో’ అన్నారు. ‘నా కోసమేనండీ’ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘అయితే ఇక్కడే’ అని కుర్చీ లాగారు. అంతకు మించి ఒక్క ప్రశ్న అడగలేదు.

కొత్తవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాట్లాడాల్సి వస్తుందేమో అన్నదే. మాట్లాడనక్కర్లేదు. మీ వంతు రాగానే ‘పాస్’ అంటే పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. మాట్లాడేవాళ్లు ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెడతారు, తమ సంగతి తాము చెప్పుకుంటారు, మిగతావాళ్లు వింటారు. మధ్యలో సలహా ఇవ్వడం, తప్పు పట్టడం కుదరదు. ఆఫీసులో, ఇంట్లో ఎక్కడ నోరు విప్పినా సగంలో అందుకునేవాళ్లే ఉన్న మనిషికి ఇది ఎంత విచిత్రంగా ఉంటుందో! ఓపెన్ మీటింగులకు ఎవరైనా రావచ్చు, ఇంటివాళ్లు, విద్యార్థులు కూడా. క్లోజ్డ్ మీటింగులు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భయంగా ఉంటే ముందు ఓపెన్ మీటింగులో వెనక వరసలో కూర్చుని చూసి రావచ్చు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, ఏఏలో ఏ గ్రూపుకా గ్రూపు స్వతంత్రం. పుస్తకం ఒకటే, మానడానికి ఒకదాని తర్వాత ఒకటిగా అందులో చెప్పిన పన్నెండు మెట్లు అవే, గదిలో గాలి మాత్రం వేరు. నేను ఇంకో గ్రూపుకీ వెళ్లాను. దాని పేరు, చోటు చెప్పను. అక్కడ ఒకాయనే గంటసేపు ఉపన్యాసం. ‘నీకు ఇంకా అహం చావలేదమ్మా’ అని నాకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం. నేను మొదట వెళ్లింది అక్కడికే అయితే గ్రూపులన్నీ ఇంతే అనుకుని వెనక్కి తిరిగేదాన్ని. అలా తిరిగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇంటివాళ్లేమో, ‘గ్రూపుకి కూడా పంపాం, అయినా మారలేదు’ అని చేతులు దులుపుకుంటారు. పక్కింటాయన కళ్లజోడు సరిపడలేదని మన కళ్లు పనికిరావని తేల్చేస్తామా?

దేవుడి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పన్నెండు మెట్లలో దేవుడు వస్తాడు. ‘మనం అర్థం చేసుకున్న రూపంలో’ అని వెసులుబాటు ఇచ్చారు, నాకది సరిపోయింది. నా పక్కన కూర్చునే ఒక కుర్రాడికి సరిపోలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రతిదానికీ ‘రుజువేంటి అక్కా’ అనే రకం. పెద్దవాళ్లు నచ్చజెప్పారు, అతను మర్యాదగా విన్నాడు, రావడం తగ్గించాడు. పోయాడనే అనుకున్నాం. తీరా చూస్తే అతను స్మార్ట్ రికవరీ అనే గ్రూపులో ఆన్‌లైన్‌లో చేరి శుభ్రంగా ఉన్నాడు.

స్మార్ట్ రికవరీ 1994లో మొదలైంది. దేవుడి ప్రసక్తి ఉండదు, మెట్లు ఉండవు, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పుకోనక్కర్లేదు. ఆలోచనల తీరు మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతుల మీద నడుస్తుంది. శిక్షణ తీసుకున్న ఒకరు మీటింగు నడుపుతారు, ఒకరి మాటకు ఇంకొకరు బదులివ్వొచ్చు, కాగితం కలం తీసి లెక్కలు వేయొచ్చు. ఆ కుర్రాడు నాకొక కాగితం చూపించాడు. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, నాలుగు గళ్లు. తాగితే లాభం, తాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం. ‘తాగితే లాభం’ గడిలో అతను నిజాయితీగా ‘రాత్రి తొమ్మిది తర్వాత బుర్ర ఆగుతుంది’ అని రాసుకున్నాడు. లెక్కలు చూసే మనిషిని కదా, నాకది భలే నచ్చింది. లాభం లేనిదే ఎవరూ తాగరు. ఆ లాభం ఏమిటో తెలిస్తేనే దానికి బదులు ఇంకోటి వెతుక్కోగలం. మా ఏఏ గదిలో ఆ ప్రశ్న అలా ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ల కోసం విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది. 1975లో జీన్ కిర్క్‌పాట్రిక్ అనే ఆవిడ మొదలుపెట్టారు. ఆవిడ కూడా తాగుడుతో పోరాడిన మనిషే, సోషియాలజీలో డాక్టరేట్ చేశారు. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది: తాగే ఆడవాళ్లకు అప్పటికే లోకం పెట్టిన సిగ్గు బరువు బోలెడు, వాళ్లకు ఇంకా తగ్గి ఉండమని చెప్పడం కన్నా తమ మీద తమకు గౌరవం కలిగించడం అవసరం. నాతో ‘అహం చావలేదమ్మా’ అన్నాయనకు ఇది ఎవరైనా వినిపించాలి. వాళ్ల ఆన్‌లైన్ మీటింగులకు కొంతకాలం వెళ్లాను. మగవాళ్ల ముందు నోటిదాకా వచ్చి ఆగిపోయిన సంగతులు అక్కడ బయటికొచ్చాయి.

కానీ అంతా ఇంగ్లిష్. నాకు ఇంగ్లిష్ బాగానే వచ్చు, ఆఫీసు ఉత్తరాలు రాసేది నేనే. అయినా వాళ్ల మాటలకు తల ఊపడం వేరు, ‘నిన్న సాయంత్రం నాలుక పీకేసింది, గేటు దాకా వెళ్లి వచ్చాను’ అని మన భాషలో అనగలగడం వేరు. కాబట్టి నా వరకు చివరికి రెండూ ఉంచుకున్నాను: తెలుగులో జరిగే ఏఏ మీటింగు, అప్పుడప్పుడు ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగు. ఇలా కలుపుకోకూడదని ఎక్కడా రూలు లేదు. ఇవి కాక లైఫ్‌రింగ్ అని ఇంకోటి ఉంది, అది కూడా దేవుడి ఊసు లేనిదే. బౌద్ధ ధ్యాన పద్ధతిలో 2019లో మొదలైన రికవరీ ధర్మ ఉంది. వాటికి నేను వెళ్లలేదు కాబట్టి పేరు చెప్పి ఊరుకుంటాను.

ఇవి పనిచేస్తాయా అని మా ఆయన మొదట్లో అడిగేవారు. 2020లో కొక్రేన్ అనే పరిశోధన సంస్థ ఏఏ మీద 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల సమాచారాన్ని కలిపి చూసింది. మనుషుల్ని ఒక పద్ధతి ప్రకారం ఏఏకి అలవాటు చేసే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండే విషయంలో, మిగతా పేరున్న చికిత్సల కన్నా మెరుగ్గానే ఉన్నాయని తేల్చింది. మిగతా గ్రూపుల మీద అంత పరిశోధన జరగలేదు. అయితే ఏ గ్రూపైనా వెళ్తేనే కదా పనిచేసేది! మళ్లీ వెళ్లబుద్ధయ్యే గ్రూపు దొరకడం అందుకే అంత ముఖ్యం.

అలాంటిదాన్ని ఎలా గుర్తుపట్టాలని కొత్తవాళ్లు నన్ను అడుగుతుంటారు. నేను చూసేది ఒకటుంది. జారిపోయి తిరిగొచ్చిన మనిషిని ఆ గదిలో ఎలా చూస్తారు? మా గ్రూపులో ఒకాయన చాలాకాలం మానేసి, ఒక పెళ్లిలో మళ్లీ మొదలుపెట్టి, కనపడకుండా పోయాడు. ఒక సాయంత్రం వచ్చి తలుపు పక్క కుర్చీలో, చెప్పులు కూడా సగమే విప్పి కూర్చున్నాడు. ఎవరైనా ఒక మాటంటే లేచిపోవడానికి సిద్ధంగా. ఆ రోజు మీటింగు నడుపుతున్న అక్క అతన్ని చూసి, ‘వచ్చావా? మంచిది. అయిపోయాక కుర్చీలు సర్దడానికి మనిషి తక్కువయ్యాడు, ఉండు’ అంది. అంతే. ఎందుకు తాగావని అడగలేదు, ఉపన్యాసం లేదు. అతను మీటింగు అయ్యేదాకా ఉన్నాడు, కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గోడకు చేర్చాడు. ఆ పక్కవారం కూడా వచ్చాడు. జారినవాణ్ణి నిలబెట్టి కడిగేసే గదిలో ఎవరూ నిజం చెప్పరు. అందరూ మానేశామనే అంటారు.

టైము కూడా చూసుకోవాలి. మామూలుగా మీరు తాగే వేళకే జరిగే మీటింగు దొరికితే వదలొద్దు. పొద్దున్న పదింటికి అందరమూ బుద్ధిమంతులమే. మీటింగు అయ్యాక ఫోన్ నంబర్ల చీటీ ఎవరైనా చేతిలో పెడతారా, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతారా అన్నది ఇంకో సంగతి. ఏఏలో స్పాన్సర్ అని ఒక పాత సభ్యుడో సభ్యురాలో కొత్తవాళ్లకు తోడుంటారు. ఆడవాళ్లు ఆడవాళ్లనే ఎంచుకోండి, మొహమాటపడొద్దు. కొత్తగా వచ్చిన, మనసు కుదుటపడని మనిషితో చనువు పెంచుకోవాలని చూసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. గ్రూపుల్లో దాన్ని ‘పదమూడో మెట్టు’ అని చాటుగా అంటారు. మంచి గ్రూపులో ఆ మాట చాటుగా కాక బాహాటంగా అని, అలాంటివాణ్ణి హద్దులో పెడతారు.

మందుల గురించి గ్రూపులో ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కోరికను అదుపులో ఉంచడానికి డాక్టర్లు ఇస్తారు. డిప్రెషన్‌కు వాడేవాళ్లూ ఉంటారు. ‘మాత్ర మింగితే అది మానడమెలా అవుతుంది’ అనే పెద్దమనుషులు ప్రతి చోటా ఒకరిద్దరు తగులుతారు. సభ్యులెవరూ డాక్టర్ వేషం వేయకూడదని ఏఏ వాళ్ల ప్రచురణల్లోనే రాసి ఉంది. అలాంటి పెద్దమనుషుల మాట విని మందులు ఆపేసి మళ్లీ ఆస్పత్రిలో తేలినవాళ్లను చూశాను కాబట్టి ఈ ముక్క కత్తిరించవద్దని పైనే అడిగాను.

ఇంటివాళ్లకు కూడా గ్రూపులున్నాయి. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొక ఆవిడతో కలిసి 1951లో మొదలుపెట్టిన అల్-అనాన్ అది. పిల్లల కోసం అలటీన్ 1957లో వచ్చింది. మా ఆయన్ను అల్-అనాన్‌కు పంపడం నన్ను ఏఏకి పంపడం కన్నా కష్టమైంది. వెళ్తే అక్కడంతా భార్యలే, ఈయనొక్కరే మగవాడు. ‘మీ ఆవిణ్ణి తీసుకురావడానికి వచ్చారా’ అని ఆయన్నీ అడిగారట! నవ్వుకున్నాం. నేను ఆఫీసు నుంచి రాగానే ఊపిరి వాసన చూడటం, అల్మరా వెతకడం ఆయన మానేసింది అక్కడికి వెళ్లాకే. వాళ్లేం చెప్పారో నాకు తెలియదు, అడగలేదు. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి మాత్రం అలటీన్‌కు రానంది. వదిలేశాం.

ఇక మీ పత్రికకు రెండు మాటలు. ఆ ఆదివారం సంచికలోనే లోపలి పేజీలో ఒక చిన్న ప్రకటన ఉంది: ‘తాగేవారికి తెలియకుండా ఇవ్వవచ్చు, వారంలో గ్యారంటీ.’ అందులో ఏముందో మీకు తెలుసా? తాగుడు మాన్పించే మందుల్లో డైసల్ఫిరామ్ అని ఒకటుంది. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణాపాయం. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే డాక్టర్లు ఇస్తారు. తెలియకుండా ఏ పొడి కలిపినా తాగేవాడు తాగుతాడు, ఆపైన ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక పేజీలో లివర్ కాపాడమని రాసి ఇంకో పేజీలో ఈ ప్రకటన వేయడం ఏం న్యాయం? ఆ ప్రకటన డబ్బు మీకు అంత అవసరమనుకోను.

రెండోది, ఆ జాగాలోనే వారానికొకసారి మీటింగుల వివరాలు వేయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా, ఏ భాషలో, ఆడవాళ్లకు విడిగా ఉందా, ఇంటివాళ్లకు ఉందా, ఆన్‌లైన్‌లో ఉందా. అన్ని రకాల గ్రూపులవీ వేయండి, ఏఏ ఒక్కటే కాదు. అచ్చు వేసే ముందు ఆ నంబర్లకు మీ వాళ్ల చేత ఒకసారి ఫోన్ చేయించండి, అదీ సాయంత్రం పూట. నేను వెతుక్కునే రోజుల్లో ఒక జాబితాలో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, ఆ గ్రూపు ఎప్పుడో మూతపడిందని చెప్పి పెట్టేశారు. ఫోన్ చేద్దామా వద్దా అని రోజంతా తేల్చుకోలేక చివరికి చేసిన మనిషి రెండో నంబరు దాకా వెళ్తాడన్న నమ్మకం లేదు.

పత్రికల్లో సభ్యుల పేర్లు బయటపెట్టకూడదన్నది ఏఏ సంప్రదాయం. పైన రాసినదంతా నా సొంత అభిప్రాయం, ఏ గ్రూపు తరఫునా రాయలేదు. నా పేరు, ఊరు వేయవద్దు.

ఇట్లు,
పేరు వద్దన్న మీ పాఠకురాలు